«నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము»: ఈ నిమ్మళం ఏ నిమ్మళం?

పాతపొత్తం:
బైబిల్లో హోరేబు కొండ గుహలో ఏలీయా ప్రవక్త విన్న దేవుని స్వరం "మిక్కిలి మెల్లనైన స్వరము" అని నోట్లో ఆడుతోంది. ఏకాంత ప్రార్థన గురించి బోధించేవాళ్లూ అలాగే అంటారు. తీరా పాత తెలుగు బైబిలు అనువాదం తీస్తే 1 రాజులు 19:12లో "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" అని ఉంది. మరి ఈ మెల్లన ఎక్కడిది? ఇక్కడ నిమ్మళమంటే గొంతు తగ్గించడమా, తొందర లేకపోవడమా?

సంధికార్యం:
మెల్లన యోబు 4:16లోది. "మెల్లనైన యొక కంఠస్వరమును నేను వింటిని" అని యోబు స్నేహితుడు ఎలీఫజు అంటాడు. హీబ్రూలో రెండుచోట్లా దెమామా అనే మాటే ఉంది. పాత నిబంధనలో అది వచ్చేది మూడేసార్లు. మూడోది 107వ కీర్తనలో, తుపాను అణగినచోట. దాని అర్థం చిన్న ధ్వని కాదండీ, సద్దు లేకపోవడం. పక్కనున్న దక్కా అంటే సన్నని. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి కురిసిన ఆహారం మన్నా, దాని కణాలకు వాడిన విశేషణమే అది. కలిపి చదివితే సన్నని నిశ్శబ్దపు స్వరం. "మాటలాడు" అన్నది మన అనువాదకులు చేర్చిన మాట.

ఓరుగల్లు:
మా దిక్కు నిమ్మలం. ల కారమే. "నిమ్మలంగున్నవా" అంటే ఏ రందీ లేకుండ ఉన్నవా అని. జ్వరం తగ్గినా నిమ్మలమైందనే అంటం. గొంతు పెద్దదా చిన్నదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. బదరీవృక్షం కింద కూసోని చావు కోరుకున్న మనిషికి వినబడ్డ స్వరం గదా, అందుకే ఎరిగే ఈ మాట వేసిన్రని నా నమ్మకం.

సంధికార్యం:
ప్రకృతి నిర్మలము, వికృతి నిమ్మళము. గ్రంథాల్లో ళ కారమే సాధువు.

ఓరుగల్లు:
ప్రకృతిలనే ల ఉండంగ, ల పలికెటోళ్లది తప్పెట్లయితది?

కృష్ణాతీరం:
ఊరట అనే అర్థం నాకు పొసగడం లేదు. ఆ స్వరం ఓదార్చదు, నిలదీస్తుంది. "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అన్న ప్రశ్న 9వ వచనంలో ఒకసారి, 13లో మరోసారి. ఏలీయా మాత్రం 10లో చెప్పిందే 14లో మళ్లీ అప్పజెప్పాడు. ఆ స్వరానికి ముందు వచ్చిన అంత గాలి, అంత భూకంపం చూశాక కూడా జవాబు మారలేదు. ప్రార్థనలో వినడానికి అడ్డుపడేది బయటి సద్దు కాదు, మనం ముందే తయారుచేసుకొచ్చిన ఈ జవాబే.

అందుకే ఈ భాగాన్ని ధ్యానానికి తీసుకునేవాళ్లు 9 నుంచి 18 వరకే తీసుకోవాలి. మొత్తం అధ్యాయం పెట్టుకుంటే అది ప్రసంగానికి సిద్ధపాటు అయిపోతుంది. అడగాల్సినవి ముందే కాగితం మీద రాసి పక్కన పెట్టేయాలి, లేకపోతే నడుమ అవే తలకెక్కుతాయి. రెండుసార్లు పైకి, నిదానంగా చదవాలి. ఏ మాట దగ్గర ఆగాలనిపిస్తే అక్కడే ఆగాలి, వ్యాఖ్యానం తెరవకూడదు. ఆ మాటతోనే దేవునికి జవాబు చెప్పి, తర్వాత మాటలు మానేయాలి. కొత్తవాళ్లకు పది నిమిషాలు చాలు. మనసు పక్కకు పోతే తిట్టుకోకుండా ఆ మాటనే మళ్లీ పలకాలి. చదవడం, మననం, ప్రార్థన, మౌనం అనే ఈ నాలుగు మెట్ల వరసను 12వ శతాబ్దంలో రెండవ గైగో అనే సన్యాసి రాసిపెట్టాడు.

దీన్ని "చిన్న గొంతు" అని చదివితే నష్టం ఇక్కడే. చెవులు రిక్కించి కూర్చుంటారు, మొదట తోచిన ఊహనే దేవుని మాట అనుకుంటారు. తోచినదాన్ని రాసుకుని, వాక్యంతో సరిచూసి, విశ్వాసంలో పెద్దవారొకరికి చెప్పాలి. ఉద్యోగం, పెళ్లి లాంటివైతే ఆ రోజే తేల్చకూడదు.

పాతపొత్తం:
చాలా ఉపయోగం, కృష్ణాతీరం గారూ. గాలి, భూకంపం సరే, మెరుపును వదిలేశారేం?

సంధికార్యం:
అది మెరుపు కాదు. హీబ్రూలో ఏష్, అంటే నిప్పు. కర్మెలు కొండ మీద ఏలీయా ప్రార్థనకు దిగినదానికీ 18:38లో అదే మాట. అక్కడ "అగ్ని" అని, ఇక్కడ "మెరుపు" అనడంతో తెలుగులో ఆ ముడి తెగిపోయింది. నిప్పుతో జవాబిచ్చిన దేవుడే ఈసారి నిప్పులో లేడు. పోయిన కూటాల్లో కలిగిన అనుభవమే మళ్లీ రావాలని కూర్చునేవాళ్లు ఈ రెండు అధ్యాయాలూ కలిపి చదవాలి.

గుర్రంవారి అభిమాని:
గుర్రం జాషువా కావ్యం గబ్బిలం గుర్తు రావడం లేదా ఎవరికీ? అందులో ఒక దళితుడు, పూజారి లేని వేళ చూసి శివుడి చెవిలో తన బతుకు కథ చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అక్కడ దేవుడి చెవి, ఇక్కడ మనిషి చెవి. వినేవాడెవరన్నదే తేడా. నడుమ పూజారి లేకపోవడం మాత్రం రెండింటా ఉంది.

కృష్ణాతీరం:
జాషువా అన్నాక ఆయన కావ్యం క్రీస్తు చరిత్ర ముందు రావాలి కదండీ. 1964 సాహిత్య అకాడమీ బహుమతి దానికే.

గుర్రంవారి అభిమాని:
బహుమతి దానికే. గుండె గబ్బిలానిది.

సంధికార్యం:
మళ్లీ 12వ వచనానికి వద్దాం. గ్రీకు అనువాదంలో సన్నని పిల్లగాలి సవ్వడి అని ఉంది. నన్నడిగితే స్వరము కన్నా సవ్వడే మేలు.

ఓరుగల్లు:
సవ్వడి అంటే 13తోని పేచీ వస్తది. ఏలీయా "దాని విని" దుప్పటితో ముఖం కప్పుకొని గుహ వాకిట నిలబడ్డడు. "అంతలో" ప్రశ్న వినబడ్డది. హీబ్రూల రెండుచోట్లా కోల్ అనే ఉంది, అంటే స్వరం, సవ్వడి రెండూ. తెలుగుల 12లో స్వరము, 13లో "యొకడు పలికిన మాట". మొదట విన్నదీ, ప్రశ్న అడిగిందీ ఒక్కటేనా, రెండా?

సంధికార్యం:
ఒకటే.

కృష్ణాతీరం:
రెండు. "అంతలో" ఎందుకుంది మరి?