కార్డు మీద ‘కృతజ్ఞత కూడిక’ అని వేయించవచ్చా?

అందరికీ వందనాలు. ఒక మాట విషయంలో మీ సాయం కావాలి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. అమ్మ ప్రభువునందు నిద్రించి వచ్చే నెలకు ఏడాది. ఆ రోజు ఇంటి దగ్గర ప్రార్థన కూడిక పెట్టుకుంటున్నాం. కార్డు ప్రెస్సుకు ఇవ్వాలి. పైన ఏ మాట వేయించాలో తేలక నేనూ తమ్ముడూ నాలుగు రోజులుగా అక్కడే ఆగిపోయాం.

నేను ‘కృతజ్ఞత కూడిక’ అన్నాను. వాడికి కోపం వచ్చింది. "ఇల్లు కట్టుకుంటే పెడతారు, పిల్లాడికి ఉద్యోగం వస్తే పెడతారు. అమ్మ పోయినందుకు పెడతామా అక్కా?" అన్నాడు. వాడన్నది మా వైపు వాడుకే. సమాధి చేశాక పెట్టేది ఆదరణ కూడిక, ఏడాదికి పెట్టేది జ్ఞాపకార్థ కూడిక, మేలు జరిగితే కృతజ్ఞత కూడిక.

అసలు సంగతి వేరే ఉంది. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అనే బైబిలు వచనం (1 థెస్సలొనీక 5:18) చదివి, మా ఇద్దరి వైపూ చూసి, ఇక ఏడవకూడదు అన్నారు. మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ అప్పటినుంచి ఆ మాట వినబడితే తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోతున్నాడు. నాకూ చాలా రోజులు ఆ వచనం గొంతులో ముల్లులాగే ఉంది.

ఈమధ్య మాటను విడదీసి చూశాను. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగినవాడు. తనకు చేసిన మేలు ఎరిగినవాడు కృతజ్ఞుడు, దాన్ని చంపేసేవాడు కృతఘ్నుడు. ఈ మాటలో సంతోషం అనే అర్థం ఎక్కడా లేదు. ఎరుక ఒక్కటే ఉంది. అమ్మ చేసినది నేను ఎరుగుదును. వీధి అరుగు మీద కూర్చుని, చూపు ఆనక కళ్లు చికిలించుకుంటూ లేసు అల్లేది. మిషనరీ తల్లులు మా ప్రాంతానికి నేర్పి వెళ్లిన అల్లిక అది. ఆ డబ్బులతోనే మా ఇద్దరి స్కూలు ఫీజులూ చెల్లించింది. ఇది ఎరిగి ఉండటానికి నేను ఏడుపు ఆపక్కర్లేదు కదా. నిజానికి ఎరిగినకొద్దీ ఏడుపు వస్తుంది.

ఇంకోటి. జ్ఞాపకంలో ఉన్నదీ ఆ ‘జ్ఞా’ ధాతువే. తమ్ముడు కోరిన మాటా, నేను కోరిన మాటా ఒక వేరుకు పుట్టినవే. నా ఆలోచన సరైనదేనా? భాష తెలిసినవాళ్లు చెప్పండి.

*

జవాబు, పాలకొల్లు నుంచి: ధాతువు విషయం సరైనదేనమ్మా. వచనంలో ‘చెల్లించు’ను కూడా చూడండి. అది ‘చెల్లు’కు ప్రేరణ రూపం. మన వరి సీమలో మనిషి పోతే "ఇక్కడి నూకలు చెల్లిపోయాయి" అంటాం. మొక్కు చెల్లించేదీ, బాకీ చెల్లించేదీ, స్తుతి చెల్లించేదీ అదే క్రియ. మా ఆవిడ పోయాక నాకు ఈ మాట పదే పదే తగిలింది. ఆమె నూకలు చెల్లాయి, నా బాకీ చెల్లలేదు. అందుకే ఇంకా చెల్లిస్తున్నాననిపిస్తుంది.

జవాబు, రాజోలు నుంచి: ‘ప్రతి విషయమునందును’లో విభక్తి చూడండక్కా. అందు, అంటే లోపల. గ్రీకు మూలంలోనూ అక్కడ ‘ఎన్’ అనే ఉంది. ‘ప్రతి విషయము కొరకు’ అని లేదు. మరణంలో ఉండి కృతజ్ఞత చెప్పడం వేరు, మరణానికి కృతజ్ఞత చెప్పడం వేరు. అదే పత్రికలో, అంటే థెస్సలొనీకయులకు పౌలు రాసిన ఆ ఉత్తరంలోనే, ముందటి అధ్యాయంలో (4:13) "నిరీక్షణలేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము" అని ఉంది. అక్కడ ‘వలె’ తీసేసి చదివితే ఏడవద్దన్నట్టు వినబడుతుంది. ‘వలె’ ఉంచి చదివితే, ఏడవండి గాని నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్లలా కాదు అని.

జవాబు, భీమవరం నుంచి: విభక్తి మీదే అంతా నిలబెడితే ఎఫెసీ 5:20 ఏం చేస్తారు? అక్కడ "సమస్తమునుగూర్చి" అనే ఉంది. తేలిగ్గా దాటేయకండి.

*

అందరికీ కృతజ్ఞతలు. ఆ మాట ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాను.

భీమవరం అన్నయ్య గారూ, దాటేయను. ‘సమస్తమునుగూర్చి’ దగ్గరికి నా మనసు ఇంకా రాలేదు. అమ్మ చివరి పది రోజుల గురించి స్తుతి చెల్లించడం నాకు చేతకావట్లేదు. దేవునికి ఆ సంగతి తెలుసు గనుక మీకూ చెబుతున్నాను.

కానీ మీ జవాబులు చదివాక యోహాను 11 మళ్లీ తీశాను. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధికి చేరకముందే 35వ వచనంలో "యేసు కన్నీళ్లు విడిచెను". 41లో ఆ సమాధి ముందు, "తండ్రీ, నీవు నా మనవి వినినందున నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను". మధ్యలో ఆరు వచనాలు కూడా లేవు. కన్నీళ్లు తుడుచుకున్నాడని ఎక్కడా రాసి లేదు. ఇక ఆదివారం రొట్టె విరిచేటప్పుడు చిన్నప్పటినుంచీ వింటున్న 1 కొరింథీ 11 ఉండనే ఉంది. యేసు శత్రువులకు అప్పగింపబడిన రాత్రే రొట్టె ఎత్తికొని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు, ఆ వెంటనే "నన్ను జ్ఞాపకము చేసికొనుటకై" అన్నాడు. మేం కార్డు కోసం పోట్లాడుకున్న రెండు మాటలూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఇన్నేళ్లు విన్నాను, గమనించలేదు.

ఇది తమ్ముడికి ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రెండూ వేయించు, ముందు జ్ఞాపకం ఉండాలి" అన్నాడు.

కాబట్టి ‘జ్ఞాపకార్థ కృతజ్ఞత కూడిక’. ప్రెస్సు అబ్బాయి ‘కృతజ్ఞతా’ అని దీర్ఘం పెట్టాడు, తీయించాను. కృతజ్ఞతాస్తుతిలో రెండూ సంస్కృత పదాలే గనుక దీర్ఘం ఉంటుంది, తెలుగు మాట కూడికకు ముందు అక్కర్లేదనుకున్నాను. తప్పయితే రేపు సాయంత్రంలోగా చెప్పండి, ఇంకా అచ్చుకు వెళ్లలేదు. తమ్ముడు ఫొటో కూడా మార్చమన్నాడు. అరుగు మీద అమ్మ లేసు అల్లుతున్నది ఒకటి ఉంది, అది పంపాను.