మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు, పని చెడ్డాక అందరూ మాట్లాడతారు. ఏం చేయాలి?

కొత్త లీడ్:
ఈ మధ్యే టీమ్ లీడ్ అయ్యాను, మొత్తం 9 మందిమి. వారం ప్లాన్ చెప్పి "డౌట్లు ఏమైనా ఉన్నాయా?" అంటే అందరూ తలూపుతారు. తీరా గడువు దగ్గరపడ్డాక ఒకరు "ఆ పని నాదని నాకు తెలీదు" అంటారు, ఇంకొకరు "ఇది లేటవుతుందని నాకు ముందే అనిపించింది" అంటారు. అనిపిస్తే అప్పుడే చెప్పొచ్చుగా! మీటింగులు పెంచాను, గ్రూప్‌లో మెసేజ్‌లు పెంచాను, ఏం లాభం లేదు, ఇప్పుడు ఆ మెసేజ్‌లు కూడా చదవట్లేదనిపిస్తోంది. టీమ్‌లు నడిపినవాళ్లు, ఆటల కోచ్‌లు ఎవరైనా ఉంటే చెప్పండి.

వాలీబాల్ కోచ్:
ముందు ఆ "డౌట్లున్నాయా" మానేయండి. అందరి ముందూ నాకర్థం కాలేదు అని ఎవరంటారు? మా ఆటలో టైమ్‌అవుట్ 30 సెకన్లే, అందులో నాలుగు విషయాలు చెబితే కోర్టులోకి వెళ్లేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకే ఒక్కటే చెప్తాను, చెప్పి ఊరుకోను, సెట్టర్‌ని (కొట్టేవాళ్లకి బంతి లేపి అందించే ఆటగాణ్ణి) "ఇప్పుడు బంతి ఎవరికి లేపుతావ్?" అని అడుగుతాను. తేడాగా అర్థమైతే అక్కడే బయటపడుతుంది, పాయింట్ పోయాక కాదు. మీరూ మీటింగ్ చివర్లో ఎవరి పని వాళ్ల నోటితోనే చెప్పించండి: ఏం చేస్తారు, ఎప్పటికి, ఎవరి దగ్గర్నుంచి ఏం రావాలి. మొదట్లో పాఠం అప్పజెప్పినట్టు అనిపించి మొహాలు చిట్లిస్తారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుందామని" అంటే సర్దుకుంటారు.

విమానాల పిచ్చోడు:
కోచ్ గారు చెప్పింది పైలట్లు రోజూ చేసేదే. కంట్రోల్ టవర్ అనుమతి ఇస్తే దాన్ని తిరిగి చదివి వినిపించాలి. 1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది పోయారు. అవతలి విమానం ఇంకా రన్‌వే మీద ఉందేమోనని, టేకాఫ్‌కి పరుగెడుతున్న విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు కూడా, సీనియర్ కెప్టెన్ లేదని తేల్చేశాడు, ఇంకెవరూ రెట్టించలేదు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే కింది సిబ్బందికి గట్టిగా చెప్పడం, కెప్టెన్లకు వినడం శిక్షణలో భాగమైంది. రెండోదే కష్టమని నా అభిప్రాయం.

కొత్త లీడ్:
బాగుంది, కానీ నేనెప్పుడూ ఎవరి మీదా అరవలేదండీ.

పాత మేనేజర్:
అరవక్కర్లేదు. "అప్పుడే చెప్పొచ్చుగా" అని మీ పోస్టులోనే ఉంది చూడండి. ఆ మాట విన్నవాడు ఈసారి ముందుగా చెప్పడు, అసలు చెప్పడమే మానేస్తాడు. చెడు వార్త తెచ్చినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాటే మిగతా ఎనిమిది మందికీ రూల్ అయిపోతుంది. "చెప్పడం మంచిదైంది, ఇప్పుడేం చేద్దాం" అని చూడండి, తప్పు ఎవరిదో తర్వాత తేల్చుకోవచ్చు. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రి టీమ్‌లను గమనిస్తే, మంచి టీమ్‌ల్లోనే ఎక్కువ పొరపాట్లు రికార్డయ్యాయి. వాళ్లు దాచకుండా చెప్పుకోవడమే కారణమని ఆవిడ తేల్చారు. కాబట్టి మీ దగ్గరికి ఒక్కసారిగా సమస్యలు ఎక్కువ రావడం మొదలైతే కంగారుపడకండి.

ఇంకోటి, మీ అభిప్రాయం చివర్లో చెప్పండి. లీడ్ ముందే తేల్చేస్తే ఇక మిగిలేది తలూపడమే.

మొహమాటస్తురాలు:
నాలాంటి వాళ్లని అందరి ముందూ పేరు పెట్టి అడిగితే నోట మాట రాదు. ప్లాన్ ముందురోజే రాసి పంపండి, "ఇది ఎక్కడ దెబ్బతినొచ్చు?" అని ఒక్కొక్కరినీ రెండు లైన్లు రాయమనండి. 9 మందిలో ఇద్దరిద్దరి మధ్య మాటలు 36 రకాలుగా నడుస్తాయి, ఇంకో మీటింగ్ పెడితే అవేం తగ్గవు. తేల్చిన విషయాలు మాత్రం ఒకేచోట రాసి ఉంచండి, వంద మెసేజ్‌ల మధ్య వెతకలేం.

కొత్త లీడ్:
సోమవారం మీటింగ్‌లో చివర్లో మాట్లాడటం, పని తిరిగి చెప్పించడం, ఈ రెండూ చేస్తాను. అప్పటికీ మాట్లాడని వాళ్లతో విడిగా కూర్చుంటాను.