తొక్కితే టక్, గేరు మారిస్తే గరగర: చప్పుడు ఎక్కడిది?

ప్రశ్న:
నా సైకిల్‌కి వెనక 8 గేర్లు, ముందు 42-32-22 పళ్ళ చక్రాలు. ఈమధ్యే 112 లింకుల కొత్త చైన్ వేశాను, క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) మాత్రం పాతదే. మూడు ఇబ్బందులున్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగితే ఒకసారి టక్ అంటోంది. మధ్య గేర్లలో గరగర. వెనక చిన్న పళ్ళ చక్రాల మీద గట్టిగా తొక్కితే చైన్ జారి ఎగురుతోంది. కిరోసిన్‌తో కడిగి, ఆయిల్ వేసినా ఏమీ మారలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
ఈ మూడూ మూడు వేరు వేరు జబ్బులండీ. ఒకే మందుతో పోవు. అన్నీ ఒకేసారి విప్పకండి, ఏది చేస్తే ఏది తగ్గిందో తెలియకుండా పోతుంది.

ముందు చప్పుడు ఎన్ని చుట్లకి ఒకసారి వస్తోందో లెక్కపెట్టండి. పెడల్ చుట్టుకి ఒకటే అయితే పెడల్, క్రాంక్ (పెడల్ తగిలించే కడ్డీ), బాటమ్ బ్రాకెట్ (క్రాంకుల మధ్య ఇరుసు, దాని బేరింగులు), ముందు పళ్ళ చక్రాల బోల్టులు, ఈ నాలుగింట్లో ఒకటి. 32 పళ్ళ చక్రం మీద మూడున్నర చుట్లకి ఒకసారి వస్తే చైన్‌లో ఒక లింకు బిగుసుకుందని అర్థం: 112ని 32తో భాగిస్తే 3.5, అంటే చైన్ మొత్తం ఒకసారి తిరిగి రావడానికి పట్టే చుట్లు. పెడల్ వెనక్కి నెమ్మదిగా తిప్పుతూ వెనక డీరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే భాగం) చిన్న పుల్లీల దగ్గర చూడండి. బిగుసుకున్న లింకు అక్కడ తిన్నగా సాగకుండా ఎగిరి పడుతుంది. ఆ పిన్నుకి రెండు పక్కలా పట్టుకుని చైన్‌ని అడ్డంగా కొంచెం వంచితే వదులవుతుంది.

తొక్కడం ఆపి, సైకిల్ దానంతటది పోతున్నప్పుడూ చప్పుడు వస్తుంటే ముందు భాగాల జోలికి పోవద్దు. అది సైకిల్ చక్రాల వైపు నుంచే: హబ్ (చక్రం నడిమి భాగం), బ్రేకు, ఊచలు.

జవాబు 2:
జారడం గురించి. పాత చైన్ సాగినకొద్దీ క్యాసెట్ పళ్ళు కూడా దానికి తగ్గట్టే అరుగుతాయి. ఆ అరిగిన గుంటల్లో కొత్త చైన్ రోలర్లు కుదురుగా కూర్చోవు, బలం పడగానే పన్ను మీదికెక్కి జారతాయి. 11, 13 పళ్ళ చక్రాల్లో బలాన్ని పంచుకునే పళ్ళు తక్కువ కాబట్టి అవే ముందు పోతాయి. ఎన్నిసార్లు గేరు సర్దినా ఇది తగ్గదు. క్యాసెట్ మార్చాల్సిందే.

విప్పడానికి లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టి ఉంచే రింగు) టూల్, క్యాసెట్ తిరగకుండా పట్టుకునే చైన్ విప్ రెండూ కావాలి. లాక్‌రింగ్ మామూలు మరే, ఎడమకి తిప్పితే వదులవుతుంది. బిగించేటప్పుడు 40 న్యూటన్ మీటర్లు (బిగింపు బలం కొలత). సరిగా బిగించకపోతే పళ్ళ చక్రాలు కదిలి ఇంకో కొత్త చప్పుడు తయారవుతుంది.

ఇకమీద చైన్‌ని ముందే కొలుస్తూ ఉండండి. కొత్త చైన్‌లో 24 లింకులు పిన్ను నుంచి పిన్నుకి సరిగ్గా 12 అంగుళాలుంటాయి. స్కేలు మీద అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే అర శాతం సాగినట్టు. అప్పుడే చైన్ మారిస్తే క్యాసెట్ దక్కుతుంది. ఎనిమిదో వంతు దాకా ఆగితే రెండూ పోయినట్టే.

జవాబు 3:
గరగర సంగతి క్యాసెట్ మార్చాకే చూడండి, అరిగిన పళ్ళ మీద గేర్లు సర్దడం వృథా శ్రమ. ఆ తర్వాత చిన్న చక్రం నుంచి ఒక్క క్లిక్ నొక్కి రెండోదానికి ఎక్కించండి. పెడల్ తిప్పుతూ, కేబుల్ డీరైలర్‌లోకి దిగే చోట ఉన్న బ్యారెల్‌ని (కేబుల్ బిగువు సర్దే మరని) వెనక నుంచి చూస్తూ ఎడమకి పావు చుట్టు చొప్పున తిప్పండి. చైన్ మూడో చక్రానికి రాసుకుని గరగరమనే దాకా వచ్చి, చప్పుడు ఆగేంత వరకు వెనక్కి తిప్పండి.

పెద్ద చక్రం ఎక్కడానికి మొరాయిస్తే కేబుల్ వదులు. చిన్నదానికి దిగడానికి మొరాయిస్తే బిగువు, లేదా కేబుల్ గొట్టంలో తుప్పో మట్టో పట్టేసింది. కొన్ని గేర్లు కుదిరి, మిగతావి ఎంత తిప్పినా కుదరకపోతే డీరైలర్ వేలాడే హ్యాంగర్ వంగి ఉంటుంది. సైకిల్ కుడివైపు పడితే అది లోపలికి వంగుతుంది. వెనక నుంచి చూస్తే రెండు పుల్లీలూ పైనున్న చక్రంతో ఒకే గీతలో ఉండాలి. షిమానో డీరైలర్లలో పై పుల్లీ పక్కలకి కాస్త ఆడేలా కావాలనే చేస్తారు, అది చూసి పాడైందనుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
క్రాంకులు పట్టుకుని పక్కకి ఊపి చూశాను. ఎడమది ఒక్కటే ఆడుతోంది, కుడిది కదలట్లేదు. నలుచదరపు ఇరుసు.

జవాబు 1:
అయితే బేరింగులు బాగానే ఉన్నట్టున్నాయి. అవి అరిగితే రెండు క్రాంకులూ కలిసి ఆడతాయి. మీది ఎడమ క్రాంక్ వదులు, మీ టక్ అదే. బిగించేదాకా తొక్కకండి. ఇరుసు ఉక్కు, క్రాంక్ అల్యూమినియం కాబట్టి క్రాంక్ చదరపు రంధ్రమే గుండ్రంగా అరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, కొత్త క్రాంక్ కొనడమే.

క్రాంక్ బోల్టు మీది మూత తీసి, బోల్టుని బట్టి 8 మి.మీ. అలెన్ కీతోనో 14 మి.మీ. సాకెట్‌తోనో 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. చిన్న పిడి అలెన్ కీతో అంత బలం రాదు, పొడుగు పిడి వాడండి. కొంత తొక్కాక మళ్ళీ ఒకసారి బిగింపు చూడండి. మళ్ళీ వదులైతే రంధ్రం అప్పటికే పాడైందన్నమాట.

టక్ ఇంకా మిగిలితే పెడళ్ళు విప్పి, మరలకి గ్రీజు రాసి 15 మి.మీ. స్పానర్‌తో వేయండి. ఎడమ పెడల్‌ది తిరగేసిన మర, ఎడమకి తిప్పితేనే బిగుస్తుంది.

జవాబు 4:
ఆయిల్ గురించి ఎవరూ చెప్పలేదు. చైన్ పైపైన కుమ్మరిస్తే లాభం లేదు, అరిగేది లోపల, పిన్ను చుట్టూ. కిరోసిన్ పూర్తిగా ఆరాకే వేయాలి, లేకపోతే లోపల మిగిలిన తడి ఆయిల్‌ని పలచన చేసేస్తుంది. కింది వరుసలో ఒక్కో రోలర్ మీద ఒక్కో బొట్టు వేసి, పెడల్ కాసేపు వెనక్కి తిప్పి, కొన్ని గంటలు ఆగి పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. పైన మిగిలిన జిడ్డు దుమ్ము పట్టి సానరాయిలా అరగదీస్తుంది. కీచుమంటే ఆయిల్ తక్కువ, కరకరమంటే ఇసుక చేరింది. ఇసుక చేరినప్పుడు కడగకుండా ఆయిల్ వేస్తే దాన్ని మనమే లోపలికి నెట్టినట్టు.

ఇంకోటి, 42తో వెనక పెద్ద చక్రం, 22తో వెనక చిన్న చక్రం కలపకండి. చైన్ ఏటవాలుగా నడిచి, ఎంత చక్కగా సర్దిన సైకిలైనా ఆ గేర్లలో రాసుకుంటుంది.