పట్టుపురుగు ప్యూపా సారం: ఎంటీటీలో 130 శాతం, మైక్రోస్కోప్‌లో సగం కణాలు చచ్చాయి

ప్రశ్న (గూడుపురుగు):
హిందూపురం వైపు రీలింగ్ యూనిట్‌లో గూళ్ల నుంచి పట్టుదారం తీశాక మిగిలిన ప్యూపాని ఎండలో ఆరబెట్టి, పొడి కొట్టి, 70 శాతం ఇథనాల్‌లో 1:10 పాళ్లలో 24 గంటలు ఉంచి సారం తీశాం. నరకణాల్ని చంపే గ్లూటమేట్ నుంచి ఈ సారం కాపాడుతుందా అని చూడాలి. హెచ్‌టీ22 (చిట్టెలుక మెదడు నుంచి వచ్చిన నరకణాల రకం) కణాలకు 200 మైక్రోగ్రా./మి.లీ. సారం ఇచ్చి, 2 గంటలాగి, దాన్ని తీయకుండానే 5 మిల్లీమోలార్ గ్లూటమేట్ కలిపాం. 24 గంటలకి ఎంటీటీ (బతికున్న కణాలెన్నో రంగుతో చెప్పే పరీక్ష) ఏమీ కలపని కంట్రోల్‌తో పోలిస్తే 130 శాతం చూపిస్తోంది. కణాలేమో సగం గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి. పైగా సారం మీడియంలో పడగానే తెల్లగా విరిగినట్టవుతోంది. ఏది నమ్మాలి?

కణశాల:
కంటినే నమ్మండి. ఎంటీటీని ఊదారంగుకి మార్చేది బతికున్న కణాలే కాదు, సారంలోని యాంటీఆక్సిడెంట్లు కూడా. కణాల్లేని వెల్స్‌లో (ప్లేటు గుంతల్లో) మీడియం, సారం, 0.5 మి.గ్రా./మి.లీ. ఎంటీటీ వేసి 37 డిగ్రీల్లో 3 గంటలుంచి 570 నానోమీటర్ల దగ్గర చదవండి. అక్కడా రంగొస్తే మీ 130 గుట్టు తెలిసినట్టే. ఇకమీదట ఎంటీటీ వేసేముందు మీడియం తీసి, వెచ్చటి పీబీఎస్‌తో (ఉప్పు బఫర్ ద్రావణంతో) ఒకసారి కడగండి. గోడవారగా పోయండి, లేకపోతే ఉన్న కణాలూ ఊడతాయి. ఎల్‌డీహెచ్‌తో (చచ్చిన కణాల నుంచి బయటికి కారే ఎంజైముని కొలిచే పరీక్షతో) సరిచూసుకోండి. అయితే సారం ఆ ఎంజైమునే అణిచేస్తోందేమో ముందు తేల్చుకోవాలి.

నూనెచుక్క:
తెల్లగా విరిగేది కొవ్వు. ఎండు ప్యూపాలో పావు నుంచి మూడోవంతు దాకా నూనే, అందులో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఎక్కువ. ఎండలో రెండ్రోజులుంటే ముక్కిపోతుంది, అప్పుడు పుట్టే పెరాక్సైడ్లే కణాల్ని చంపుతుండొచ్చు. వచ్చిన రోజే 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. ముందు హెక్సేన్‌తో మూడుసార్లు నూనె తీసి, హెక్సేన్ వాసన పూర్తిగా పోయాకే ఇథనాల్ పోయండి. ఇథనాల్‌ని ఆవిరి చేసే రోటరీ ఎవాపరేటర్ 40 డిగ్రీలు దాటొద్దు. ఎండిన సారాన్ని కరిగించే డీఎంఎస్‌వో వెల్‌లో 0.1 శాతం మించకూడదు.

సినాప్స్:
ఇంకో మాట. హెచ్‌టీ22లో పనిచేసే ఎన్ఎండీఏ గ్రాహకాల్లేవు (గ్లూటమేట్‌ని అందుకునే గ్రాహకాలివి). గ్లూటమేట్ సిస్టీన్ (cystine) అనే అమైనో ఆమ్లాన్ని లోపలికి రానివ్వదు, దానితో తయారయ్యే యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్ అడుగంటి కణం చస్తుంది. దీన్ని ఎక్సైటోటాక్సిసిటీ (గ్రాహకాలు అతిగా రెచ్చి కణం చావడం) అని రాస్తే రివ్యూయర్ వదలడు. ప్యూపా సారంలో అమైనో ఆమ్లాలు మెండు, కాబట్టి మీరు చూసే రక్షణ ఉత్త సిస్టీన్ సరఫరా కావచ్చు. ఆ అనుమానం తేలడానికి గ్లూటమేట్ ఇచ్చిన 4, 8 గంటల తర్వాత కూడా సారం ఇచ్చి చూడండి. 96 వెల్స్ ప్లేటులో వెల్‌కి 5,000 కణాలు చాలు, కిక్కిరిస్తే గ్లూటమేట్‌కి లొంగవు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి మారాలనుకుంటే పైరువేట్ లేని మీడియం వాడండి, సారం కడిగేశాకే పెరాక్సైడ్ వేయండి. లేదంటే కణం దాకా పోకుండానే అది అక్కడే ఖర్చయిపోతుంది.

గూడుపురుగు:
చూశామండీ. కణాల్లేని వెల్స్‌లోనే 0.62 వచ్చింది (ఖాళీ మీడియం రీడింగ్ తీసేశాక). కంట్రోల్ 0.90, సారం ప్లస్ గ్లూటమేట్ 1.17. తీసేస్తే మిగిలేది 0.55, అంటే 61 శాతం. గ్లూటమేట్ ఒక్కటే ఇచ్చినవి 52 శాతం. హెక్సేన్ నుంచి మళ్లీ మొదలెడుతున్నాం.

కణశాల:
ఈసారి 1 మిల్లీమోలార్ ఎన్-ఎసిటైల్ సిస్టీన్ (గ్లూటమేట్ నుంచి ఈ కణాల్ని కాపాడుతుందని తెలిసిన పదార్థం) వెల్స్ కూడా పెట్టండి. దానికే రక్షణ రాకపోతే ప్లేటులోనే తేడా ఉన్నట్టు.