కొత్త 8 జీబీ ర్యామ్ వేసినా 4 జీబీయే చూపిస్తోంది (హెచ్61 బోర్డు)

రాజోలు_నెట్‌సెంటర్:
నమస్కారమండి. సిస్టం ఇంటెల్ ఐ5-3470 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, ర్యామ్ స్లాట్లు రెండే. విండోస్ 10, 64 బిట్. ఇప్పుడున్నది 4 జీబీ డీడీఆర్3 1600. క్రోమ్‌లో నాలుగు దరఖాస్తులు తెరిస్తే నత్తనడక. అందుకని ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 1600 తెప్పించాను. రెండూ పెడితే ఆన్ అవుతోంది గానీ బయాస్‌లోనే (విండోస్‌కి ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్ తెరలోనే) 4096 ఎంబీ అని వస్తోంది. కొత్తది ఒక్కటే పెడితే డిస్‌ప్లే రాదు, బీప్ కొడుతూనే ఉంటుంది. అమ్మినవాళ్లేమో "మీ బోర్డు పాతది, 8 జీబీ స్టిక్ తీసుకోదు" అంటున్నారు. విండోస్‌లో ఏదైనా సెట్టింగ్ మార్చాలా, బోర్డే మార్చాలా? రిటర్న్‌కి శనివారం దాకే గడువు.

తణుకు_హార్డ్‌వేర్:
బోర్డు మార్చే పని పెట్టుకోకండి. హెచ్61 స్లాట్‌కి 8 చొప్పున 16 జీబీ తీసుకుంటుంది, వాళ్లు చెప్పింది తప్పు. విండోస్ జోలికీ వెళ్లొద్దు. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ టూల్‌లో 'మాక్సిమమ్ మెమరీ' టిక్ తీసెయ్యమని చాలామంది చెబుతారు. బయాస్ 12 చూపించి విండోస్ 4 చూపించినప్పుడు అది చూడాలి. బయాస్‌కే కనబడనిది విండోస్‌కి ఎక్కడినుంచి వస్తుంది?

ముందు స్లాట్ సంగతి తేల్చండి. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, బోర్డులో మిగిలిన కరెంటు దిగిపోతుంది. పాత 4 జీబీ ఒక్కదాన్నే రెండో స్లాట్‌లో పెట్టండి. రెండు చివరలూ టక్కుమని కూర్చోవాలి. ఒక పక్క వెంట్రుకవాసి లేచి ఉన్నా బీపే. డిస్‌ప్లే వస్తే స్లాట్ బాగున్నట్టు. రాకపోతే అప్పుడు కూలర్ విప్పాలి. ప్రాసెసర్ కూర్చునే 1155 సాకెట్‌లో పిన్నులు బోర్డు వైపు ఉంటాయి, ఒక్కటి వంగినా ఒక చానెల్ (ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి) మొత్తం పోవచ్చు. కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి సరిగా దిగకపోయినా అలాగే అవుతుంది.

ఓడలరేవు_సర్వీస్:
మన తీరంలో ఇంకోటి కూడా చూడాలండి. ఉప్పుగాలి, తేమ, దుమ్ము కలిసి బంగారు రంగు కాంటాక్టుల మీద సన్నటి పొర కడుతుంది. తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, రాలిన పొడి పూర్తిగా దులిపేయండి. తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ జిగురులా అంటుకుపోతుంది. ఇసుక కాగితం అసలే వద్దు, బంగారు పూత లేచిపోతుంది. స్లాట్‌లోకి మెత్తటి పొడి బ్రష్ చాలు.

బయాస్ రీసెట్ చెయ్యాలంటే, బోర్డు మీది బ్యాటరీ తీసేముందు, హార్డ్‌డిస్క్ నడిచే పద్ధతి, అదే సాటా మోడ్, ఐడీఈలో ఉందో ఏహెచ్‌సీఐలో ఉందో రాసి పెట్టుకోండి. రీసెట్‌తో అది మారితే విండోస్ బూట్ అవదు, ర్యామ్ గొడవ కాస్తా హార్డ్‌డిస్క్ గొడవలా కనబడుతుంది.

రాజోలు_నెట్‌సెంటర్:
పాతది రెండు స్లాట్లలోనూ పనిచేస్తోందండి. కొత్తదాన్ని తుడిచి పెట్టినా రెండింటిలోనూ బీపే.

భీమవరం_చిప్‌లెవెల్:
అయితే తేడా స్టిక్‌లోనే. దానిమీద అంటించిన లేబుల్ నమ్మకండి. నల్ల చిప్పుల మీద సన్నగా చెక్కిన అక్షరాలుంటాయి, పక్కనుంచి టార్చ్ కొడితే తేలతాయి. శామ్‌సంగ్ చిప్ అయితే కే4బీ4జీ తర్వాత 08 ఉండాలి, అంటే కే4బీ4జీ0846. అక్కడ 04 ఉంటే అదే రోగం. హైనిక్స్ అయితే హెచ్5టీక్యూ4జీ తర్వాత 83 మంచిది, 43 మీకు పనికిరాదు.

ఎందుకంటే ప్రాసెసర్‌కి ఒక్కో చానెల్‌లో 64 బిట్ల దారి ఉంటుంది. చిప్ ఒక్కోటి 8 బిట్లు ఇస్తే ఎనిమిదింటితో ఆ దారి నిండుతుంది. అలాంటి వరసలు రెండు, మొత్తం 16 చిప్పులు, 8 జీబీ. 4 బిట్ల చిప్పులైతే పదహారూ కలిస్తేగానీ ఒక్క వరస కాదు. చిప్పుల సంఖ్య అదే, జీబీలూ అవే, పైకి చూస్తే కవలపిల్లలే. కానీ ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని మెమరీ కంట్రోలర్ 4 బిట్ల చిప్పులను సపోర్ట్ చెయ్యదు. ఆ కాలపు ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో కొన్ని చేస్తాయి. అందుకే అలాంటి స్టిక్‌లు 'ఏఎమ్‌డీకి మాత్రమే' అని చవగ్గా దొరుకుతాయి. ఆ ముక్క చెప్పకుండా ఇంటెల్ బోర్డులున్నవాళ్లకి అంటగట్టడం అన్యాయం.

మొత్తం చిప్పులు ఎనిమిదే ఉంటే అది వేరే సమస్య. అవి 8 గిగాబిట్ చిప్పులు, మీ 3470 ప్రాసెసర్ ఒక్కో ర్యామ్ చిప్‌కి 4 గిగాబిట్ వరకే తీసుకుంటుంది. లేబుల్ మీద 12800 తర్వాత 'ఆర్' ఉంటే సర్వర్ ర్యామ్, అదీ ఈ బోర్డులో ఆడదు.

రాజోలు_నెట్‌సెంటర్:
ఆయ్, కే4బీ4జీ0446 అనే ఉందండి, పదహారు చిప్పులు. వెనక్కి పంపేస్తాను. ఈసారి ఏమని చూసి కొనాలి? 4కి 8 కలపొచ్చా?

భీమవరం_చిప్‌లెవెల్:
పంపేముందు చిప్ నంబరు స్పష్టంగా ఫొటో తీసి రిటర్న్ ఫారానికి జతచెయ్యండి. 'ఇంటెల్ బోర్డుకని అమ్మారు, చిప్పులు 4 బిట్లవి' అని కారణం రాయండి. 'పనిచెయ్యట్లేదు' అని రాస్తే, వాళ్లు ఏఎమ్‌డీ బోర్డులో పెట్టి 'పనిచేస్తోంది' అని తిప్పి పంపగలరు.

కొనేటప్పుడు లేబుల్ మీద '2ఆర్ఎక్స్8 పీసీ3-12800యూ' ఉండాలి (2ఆర్ఎక్స్8 అంటే 8 బిట్ల చిప్పుల వరసలు రెండు), చిప్ ఫొటో కూడా అడగండి. పీసీ3ఎల్ దొరికినా తీసుకోవచ్చు, అది 1.35 వోల్టులదే అయినా 1.5 వోల్టులతోనూ నడుస్తుంది. 4కి 8 నిక్షేపంగా కలుస్తుంది. 8 జీబీ వరకు రెండు చానెళ్లలో, మిగతా 4 ఒక్క చానెల్‌లో నడుస్తుంది, మీ పనికి ఆ తేడా తెలియదు.

పెట్టాక బయాస్‌లో 12288 చూసుకుని, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్‌డ్రైవ్ నుంచి ఒక పాస్ పూర్తిగా తిప్పండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ ఉంచుకోవద్దు.