ఫోన్‌లో ప్రార్థన పెట్టుకుని పడుకుంటే అది ప్రార్థన చేసినట్టేనా?

నిద్రలేని_రాత్రి:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే నాన్నగారు పోయారు. అప్పటి నుంచి రాత్రిళ్లు నిద్ర సరిగ్గా పట్టడం లేదు, కళ్లు మూస్తే ఒకటే ఆలోచనలు. పోనీ లేచి ప్రార్థన చేద్దామా అంటే నాలుగు మాటలు అనేసరికి మనసు ఎటో పోతుంది, మళ్లీ మొదటికి వస్తాను. అందుకని ఫోన్‌లో ఒక స్తోత్రం పెట్టుకుని పడుకుంటున్నాను. పాట కాదు, చదవడమే. ఒక్క గొంతు, వెనకాల సన్నగా తంబూరా, అంతే. ప్రతి శ్లోకానికీ ముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. అది వింటుంటే గుండెల మీద బరువు కాస్త దిగుతోంది. మా అన్నయ్యేమో "నువ్వు చెయ్యాల్సిన పని ఫోన్ చేత చేయిస్తున్నావు" అన్నాడు, ఆ మాట పట్టుకుంది. ఇంకో సంగతి, అదే స్తోత్రాన్ని బాణీ కట్టి పాడింది వింటే మాత్రం ఏడుపు ఆగదు. ఎందుకిలా? మీలో ఎవరికైనా ఇలా ఉందా?

కోరస్‌లో_చివరివాడు:
నాన్నగారి విషయం విని బాధేసిందండీ. మీరు చెప్పిన ఆ ఊపిరి దగ్గరే అసలు విషయం ఉందని నా ఉద్దేశం. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 23 మంది చేత లాటిన్‌లో క్యాథలిక్ క్రైస్తవుల ఆవే మరియా ప్రార్థన, బౌద్ధుల "ఓం మణి పద్మే హుం" మంత్రం చెప్పించి చూశారు. రెండూ వేర్వేరు మతాలవి, వేర్వేరు భాషలవి, అయినా రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి వచ్చేసింది. ఆ వేగంలో గుండె లయ, రక్తపోటు లయ శ్వాసతో కలిసి నడిచాయి. మనం మామూలుగా కూర్చున్నప్పుడు నిమిషానికి పన్నెండుకి పైనే తీసుకుంటాం కాబట్టి ఇది దాదాపు సగం. అయితే ఒక మెలిక ఉంది, వాళ్లు విన్నవాళ్లు కాదు, నోటితో చెప్పినవాళ్లు. అందుకని వినడంతో ఆగకుండా ఆవిడతో పాటు పెదవులు కదపండి, గొంతు బయటికి రాకపోయినా పర్వాలేదు. అప్పుడు మీ అన్నయ్యకి కూడా అనడానికి ఏమీ ఉండదు :)

ఏడుపు సంగతి అంటారా, బాణీ కట్టినప్పుడు రాగం ఎక్కుతుంది, దిగుతుంది, ఎక్కడ కరగాలో అదే చెబుతుంది. చదివేటప్పుడు గొంతు రెండు మూడు స్వరాలు దాటదు. ఏడుపు వస్తే రానివ్వండి, కానీ దానికి అర్ధరాత్రి ఎందుకు, పగలు వినండి.

లాజిక్_మాస్టర్:
నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ముందే చెప్పేస్తున్నా. కానీ దీన్ని కొట్టిపారేయను. ఆపరేషన్‌కి ముందు టెన్షన్ తగ్గించడానికి సంగీతం పనికొస్తుందా అని కోక్రేన్ వాళ్లు (వైద్య ప్రయోగాల ఫలితాలు కలిపి బేరీజు వేసే సంస్థ) 2013లో 26 ట్రయల్స్, 2,051 మంది వివరాలు కలిపి చూశారు. వాళ్లందరూ విన్నది రికార్డింగే, పక్కన కూర్చుని పాడినవాళ్లు ఎవరూ లేరు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే వాళ్లలో ఆందోళన తగ్గింది. మరీ గొప్ప ప్రయోగాలేం కావు, విన్నవాళ్లకి తాము వింటున్నామని తెలుసు కదా. అయినా రికార్డింగ్ కాబట్టి పనిచేయదు అనే వాదన మాత్రం నిలబడదు. మీ అన్నయ్య అడుగుతున్నది భక్తి గురించి, మీరు అడుగుతున్నది నిద్ర గురించి. రెండూ వేరు.

అమ్మమ్మ_మనవరాలు:
లాజిక్ గారూ, మీరు అన్నంత వేరుగా నాకైతే కనిపించలేదు. మా అమ్మమ్మకి మతిమరుపు జబ్బు బాగా ముదిరిపోయింది, నా పేరు కూడా గుర్తుండేది కాదు. సాయంత్రం అయ్యేసరికి కంగారు మొదలు, ఇంటికెళ్లిపోతా అని తలుపు దగ్గరికి వెళ్లేది, ఉన్నది ఇంట్లోనే. అప్పుడు ఆవిడకి చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థన పెడితే కూర్చునేది. ఒకసారి మధ్యలో నెట్ ఆగి గొంతు ఆగిపోయింది, అమ్మమ్మ మాత్రం ఆగలేదు, మిగతా నాలుగు లైన్లూ తనే పూర్తి చేసి, అలవాటు ప్రకారం పైట సర్దుకుని దండం పెట్టుకుంది. అది నిద్రమాత్ర చేసే పనా, భక్తి చేసే పనా నాకు తెలియదు, తేల్చాలని కూడా లేదు. కొత్తవి, ఇంకా అందంగా పాడినవి ఎన్ని పెట్టినా ఆవిడ పట్టించుకోలేదు. పాతదే కావాలి, ఆ గొంతే కావాలి. కాబట్టి మీరు కూడా రోజుకొకటి మార్చకండి.

ఇంకో మాట, నాన్నగారి గొంతుతో ఏదైనా రికార్డింగ్ ఉంటే రెండు చోట్ల కాపీ చేసి దాచండి. కానీ రాత్రిళ్లు పెట్టుకోవడం మాత్రం ఇప్పుడే వద్దు.

సౌండ్_బాబాయ్:
అందరూ మనసు గురించి చెప్పారు, నేను యాడ్ గురించి చెప్తాను. అర్ధరాత్రి స్తోత్రం అయిపోగానే ఏదో కంపెనీ యాడ్ పెద్దగా అరిస్తే వచ్చిన నిద్ర కూడా పోతుంది. డౌన్‌లోడ్ చేసుకోండి, ఆటోప్లే ఆపేయండి, స్లీప్ టైమర్ పెట్టండి. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నిద్రపోవద్దు, ఫోన్‌ని మంచానికి దూరంగా పెట్టి, పక్క గదిలో ఎవరో చదువుతున్నట్టు వినపడేంత సౌండ్ చాలు. "ధ్యానం కోసం" అని ఎకో దట్టించి వదిలే వెర్షన్లు నాకు అస్సలు పడవు, మాట మాట మీద పడి ఒక్క అక్షరం తెలియదు. అన్నట్టు, వారాల తరబడి ఇలాగే నిద్ర లేకపోతే డాక్టర్‌కి చూపించుకోండి, స్తోత్రం ఎలాగూ వినొచ్చు.

నిద్రలేని_రాత్రి:
అందరికీ చాలా థాంక్స్. నాన్నగారివి వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి, ఈరోజే కాపీ చేశాను. పెదవులు కదుపుతూ చూశాను, మొదట్లో బాగానే ఉంది కానీ పొడుగు శ్లోకాల దగ్గర ఆవిడ నాకంటే ముందు వెళ్లిపోతోంది, నాకు ఊపిరి చాలడం లేదు. స్పీడ్ 0.75 పెట్టుకోవచ్చా?

సౌండ్_బాబాయ్:
పెట్టొచ్చు కానీ గొంతు సాగదీసినట్టు అవుతుంది. 0.9 పెట్టి చూడండి, అప్పటికీ అందకపోతే ఒక పాదం ఆవిడకి వదిలేసి తర్వాతి పాదం మీరు అందుకోండి.