ఐ-140 (అమెరికా గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) డినయల్స్: పేపర్లు, సైటేషన్లు ఉన్న రీసెర్చర్లకు కూడా ఎక్కడ దెబ్బ పడుతోంది?

వేయిస్తంభాల (ప్రశ్న):
వరంగల్ కేయూ, నిట్, కిట్స్‌లలో బీటెక్ చేసి అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీ అయినవాళ్లు కంపెనీ స్పాన్సర్ అక్కర్లేకుండా సొంతంగా ఐ-140 వేస్తున్నరు. కొందరు ఎన్‌ఐడబ్ల్యూ (ఈబీ-2 కేటగిరీలో జాతీయ ప్రయోజనం పేరిట ఇచ్చే మినహాయింపు), కొందరు ఈబీ-1ఏ (అసాధారణ ప్రతిభ ఉన్నోళ్ల కేటగిరీ). మంచి పేపర్లు, మూడు వందల సైటేషన్లు (వేరే పేపర్లలో ప్రస్తావనలు) ఉన్నోళ్లకు డినయల్ వస్తోంది, అంతకన్నా తక్కువున్నోళ్లకు అప్రూవ్ అవుతోంది. ఆఫీసర్ ఏం లెక్కన కొట్టేస్తడు? ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా సాక్ష్యాలు పంపమనే నోటీసు) వస్తే ఎంత టైముంటది? ఇంకోటి, దినపత్రికల వరంగల్ జిల్లా పేజీల్లో పడ్డ వార్తలు, సన్మానాల ఫొటోలు పెడితే పనికొస్తయా?

కాజీపేట జంక్షన్:
ఎన్‌ఐడబ్ల్యూ సంగతి నేను రాస్తా. దీనికి కొలబద్ద 2016 డిసెంబర్‌లో వచ్చిన ధనసర్ తీర్పు. మూడు చూస్తరు: చేయబోయే పనికి (దీన్నే ఎండీవర్ అంటరు) విలువ, జాతీయ ప్రాధాన్యం ఉన్నయా, దాన్ని ముందుకు నడిపే సత్తా మీకుందా, జాబ్ ఆఫర్, లేబర్ సర్టిఫికేషన్ (ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదని లేబర్ శాఖ ఇచ్చే ధ్రువీకరణ) మాఫీ చేస్తే అమెరికాకు లాభమా.

టెక్ వాళ్లు ఎక్కువగా బోల్తా పడేది మొదటి దాంట్లోనే. ఏఐ ముఖ్యం, సైబర్ సెక్యూరిటీ ముఖ్యం అని ఇరవై పేజీలు నింపుతరు. ఫీల్డ్ ముఖ్యమని ఆఫీసర్ కూడా ఒప్పుకుంటడు. ఆయన అడిగేది వేరే: మీరు చేసే ఈ పని మీ కంపెనీ, దాని క్లయింట్లను దాటి ఎవరికి ఉపయోగపడతది? ధనసర్ కేసులోనే చూడండి. హైపర్‌సోనిక్ ప్రొపల్షన్ మీద ఆయన రీసెర్చ్‌ను ఒప్పుకున్నరు, స్టూడెంట్లకు పాఠాలు చెప్పడం మాత్రం జాతీయ స్థాయికి చాలదన్నరు. మనిషి ఒక్కడే, పనులు రెండు, ఫలితాలు రెండు.

"సీనియర్ ఇంజినీర్‌గా ఉంటూ మెషిన్ లెర్నింగ్‌ను ముందుకు తీసుకెళ్తాను" అని రాస్తే అది ఎండీవర్ కాదు, ఉద్యోగం. "కరెంటు సబ్‌స్టేషన్ల నెట్‌వర్క్‌లో చొరబాట్లను పట్టే మోడల్‌ను తక్కువ మెమరీ ఉన్న పాత కంట్రోలర్ల మీద నడిచేలా చేసి, కోడ్‌ను ఓపెన్‌గా పెడతాను" అంటే అది ఎండీవర్. దీని వెనక మూడు కాగితాలు కావాలె: ఈ సమస్యనే ప్రస్తావించిన అమెరికా ప్రభుత్వ డాక్యుమెంట్, ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలు, వాడటానికి ఆసక్తి ఉన్న బయటి సంస్థ లెటర్. మూడోది లేక చాలా కేసులు నీరసపడతయి.

2025 జనవరి 15 నుంచి పాలసీ మాన్యువల్‌లో (ఆఫీసర్లు పాటించే మార్గదర్శకాలు) ఇంకొంచెం బిగించారు. అడ్వాన్స్‌డ్ డిగ్రీకి, ఎండీవర్‌కు సంబంధం కనపడాలె. మెకానికల్‌లో ఎంటెక్ చేసి డేటా ప్రైవసీ మీద ఎండీవర్ రాస్తే ఆ ముడి ఎక్కడుందో మీరే విప్పి చూపాలె. లేబర్ సర్టిఫికేషన్ ఫారం ఈటీఏ-9089లోని అపెండిక్స్ ఏ, సంతకం పెట్టిన ఫైనల్ డిటర్మినేషన్ ఫారం జతచేయడం మర్చిపోయేవాళ్లు కూడా ఉన్నరు. లేబర్ సర్టిఫికేషన్ మాఫీ అయినా ఆ రెండూ పెట్టాల్సిందే.

భద్రకాళి బండ్:
ఈబీ-1ఏలో పది క్రైటీరియాల్లో కనీసం మూడు రుజువైతే గడప దాటినట్టు, అంతే. 2010 నాటి కజారియన్ తీర్పు తర్వాత రెండో మెట్టు వచ్చింది: అన్నీ కలిపి చూస్తే ఈ మనిషి తన రంగంలో పైనున్న కొద్దిమందిలో ఒకడా? డినయల్ నోటీసులో "మూడు ఒప్పుకుంటున్నాం" అని చదివి సంబరపడి, కింది పేరా దగ్గర కూలబడేది ఇందుకే.

సైటేషన్ల విషయం కొంచెం దగ్గరగా చూద్దాం. మూడు వందలు అన్న అంకె ఒక్కటే ఏం చెప్పదు. మీ పేపర్‌ను ఎత్తిన పేపర్లు తీసి ఆ వాక్యాలు చదవండి. "ఈ రంగంలో చాలా పనులు జరిగాయి [11]-[19]" అనే వరుసలో మీది పద్నాలుగోదైతే అది గుంపులో గోవిందా. "మేము [14] పద్ధతినే తీసుకుని మా డేటా మీద నడిపాం" అంటే అది సాక్ష్యం. అసలు పరిచయం లేనివాళ్లు రాసినవి నాలుగైదు ఏరి, ఆ పేజీల్లో ఆ లైనుకు రంగు వేసి పెట్టండి. సొంత సైటేషన్లు, గైడ్, కో-ఆథర్ల సైటేషన్లు ఎన్నో ముందే విడగొట్టి చెప్పండి. ఆఫీసర్ తీసి చూపితే మిగతా ఫైలు మీద కూడా అనుమానం పాకుతది.

పీర్ రివ్యూకు (జర్నల్ కోసం వేరేవాళ్ల పేపర్లు పరిశీలించడం) ఆహ్వానం మెయిల్ చాలదు, రివ్యూ పూర్తిచేసినట్టు జర్నల్ ఇచ్చిన ధ్రువీకరణ ఉండాలె. ఐఈఈఈ (ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) సీనియర్ మెంబర్‌షిప్‌ను మెంబర్‌షిప్ క్రైటీరియాలో వేసి చాలామంది కొట్టించుకుంటున్నరు. పాలసీ మాన్యువల్ ఉదాహరణగా చెప్పింది ఫెలో స్థాయిని. ఎంట్రీ ఫీజు కట్టి తెచ్చుకున్న అవార్డులైతే పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక జిల్లా పేజీ వార్త. ప్రచురితమైన కథనానికి శీర్షిక, తేదీ, రాసినవారి పేరు మూడూ కావాలె. మన జిల్లా పేజీల్లో "న్యూస్‌టుడే, హన్మకొండ" తరహాలో ఊరిపేరే ఉంటది, రిపోర్టర్ పేరుండదు. పైగా వార్త కాలేజీ సదస్సు గురించి, మీ పేరు చివరి లైనులో. అది మీ పని గురించిన కథనం కింద లెక్కకు రాదు. తెలుగు కాగితం ఏదైనా పూర్తి ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ లేకుండా పెట్టకండి. శాలువా, మెమెంటో ఫొటోలు ఇంట్లో గోడకే అందం.

వేయిస్తంభాల:
రికమెండేషన్ లెటర్లు ఎన్ని పెట్టాలె అన్నా? పది అంటున్నరు.

భద్రకాళి బండ్:
సంఖ్యకు నియమం లేదు. ఐదారు చాలు, అందులో సగానికి పైగా మీతో కలిసి పనిచేయనివాళ్లవి ఉండాలె. అటార్నీ ఆఫీసులో ఒకే మూసలో పోసిన లెటర్లు పదున్నా ఒక్కటే. నాలుగు లెటర్లలో ఒకే విశేషణాలు, అవే కామాలు కనపడితే ఆఫీసర్ నోటీసులో ఆ మాట రాసేస్తడు. "అద్భుతమైన శాస్త్రవేత్త" కాదు, "మా ల్యాబ్‌లో ఈయన అల్గారిదం ఫలానా ఏడాది నుంచి వాడుతున్నాం, రన్ టైమ్ ఇంత తగ్గింది" అని ఉండాలె.

ఓరుగల్లు కోట:
ఆర్‌ఎఫ్‌ఈ గురించి. ఐ-140కు గరిష్ఠంగా 84 రోజులు, పోస్టులో వస్తే ఇంకో 3. పొడిగింపు లేదు. జవాబు ఒక్కసారే పంపాలి. సగం పంపి మిగతాది తర్వాత అంటే కుదరదు, వచ్చినదాంతోనే తేల్చేస్తారు. ఎండీవర్‌నే మార్చి రాయడం పెద్ద తప్పు. వివరించవచ్చు, కొత్తది అల్లకూడదు. పిటిషన్ వేసిన రోజుకే అర్హత ఉండాలి కాబట్టి తర్వాత వచ్చిన పేపర్లు, అవార్డులు లెక్కలోకి రావు.

ప్రీమియం ప్రాసెసింగ్ ఫీజు కడితే ఎన్‌ఐడబ్ల్యూకు 45 పనిదినాలు, ఈబీ-1ఏకు 15. జవాబు తొందరగా వస్తుంది, సాక్ష్యం బలపడదు.

డినయల్ అయితే ఐ-290బీ ఫారం మీద అప్పీల్ గానీ మోషన్ (అదే ఆఫీసును మళ్లీ చూడమనడం) గానీ 30 రోజుల్లో, నోటీసు పోస్టులో వస్తే 33. ఆఫీసర్ ఫైల్లో ఉన్న కాగితాన్నే చూడకుండా వదిలేస్తే అప్పీల్‌కు అర్థం ఉంది. సాక్ష్యమే పలచనైతే మళ్లీ కొత్తగా వేయడమే నయం, దానికి నిషేధమేమీ లేదు. నష్టం ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం తేల్చే తేదీ) దగ్గర. డినయ్ అయిన పిటిషన్‌తో డేట్ నిలవదు, మళ్లీ వేసిన రోజే కొత్త డేట్. ఇండియాలో పుట్టినవాళ్లకు ఈబీ-2 క్యూ పదేళ్లు దాటింది కనుక ఆ ఏడాదీ ఏడాదిన్నరా చిన్న విషయం కాదు. అందుకే స్తోమత ఉన్నవాళ్లు ఎన్‌ఐడబ్ల్యూ ముందు వేసి, అది అప్రూవ్ అయ్యాక ఆ డేట్‌నే ఈబీ-1ఏకు మోసుకెళ్తారు.

ఫైల్ చేసే ముందు ఒక సాయంత్రం అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ సైట్‌లో ఏఏఓ (అప్పీళ్లు చూసే ఆఫీసు) నిర్ణయాలు, పేర్లు కొట్టేసినవి, మీ రంగానివి పది చదవండి. అందులో ఆఫీసర్లు వేసిన ప్రశ్నల్ని మీ ఫైల్‌కు మీరే వేసి, జవాబు ఏ ఎగ్జిబిట్‌లో ఏ పేజీలో ఉందో పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకుంటూ పోండి.